ముట్టుకోవడం నేర్పే ఆదివారం

ఒళ్ళు బిగువు వదలాలి, వదిలెయ్యాలి, ఒళ్ళే నటుడి మొదటి వాద్యం అని డైరెక్టరు కిటికీ వైపు తిరిగి, సిగరెట్టు పొగ బయటికి ఊదుతూ చెబుతున్నాడు. వాద్యమట. వాయించేవాడికి వాద్యమే, వాద్యానికి ఎట్లుంటుందో ఎవడడిగాడు, అనుకుంది పిల్లమ్మ, ఎస్తేరు వెనకాల నిలబడి, ఆ పిల్ల రెండు భుజాల మీద తన రెండు చేతులూ ఆనించి. ఆనించమని డైరెక్టరే చెప్పాడు. “వెనకనుంచి పట్టుకోండి పిల్లమ్మగారూ, ఆడతోడు ఉందన్న ధైర్యం ఉంటుంది అమ్మాయికి” అన్నాడు. ధైర్యానికో, లేచి పారిపోకుండానో. ఎదురుగా జంబుఖానా మీద ఆరుగురు మగవాళ్ళు కళ్ళకు తువ్వాళ్ళతో గంతలు కట్టుకుని, బాసింపట్టు వేసుకుని, వంతు కోసం కూర్చున్నారు, తెర ఎప్పుడు దించుతారా అని కాచుకున్న పెళ్ళికొడుకుల్లాగా. మారతహళ్ళి దాటాక రాగిచేల మధ్య, ఫ్యాక్టరీ తెలుగు సంఘం వాళ్ళ రేకుల షెడ్డు. ఊరి పిల్లలు తొంగి చూస్తారని తలుపు మూసేశారు. గాలి ఆడదు. తలనూనె, చెమట, ఎవడో పొద్దున తిన్న ఉల్లిపాయ, అన్నీ కలిసి ఆ షెడ్డు లోపల ఒకే వాసనై నిలబడిపోయాయి, ఆ వాసన పిల్లమ్మకు కొత్త కాదు. ఇరవై ఏడేళ్ళ రిహార్సళ్ళన్నిటికీ ఇదే వాసన. మగవాళ్ళు ఒక ఆడమనిషి చుట్టూ మూగి, కళ మాట్లాడే గదికి ఉండే వాసన.

మొన్నటిదాకా ఈ సంఘంలో ఆడవాళ్ళు లేరు. ఏ నాటకం కట్టినా ఆడవేషానికి బయటి ఆర్టిస్టును పిలిచేవాళ్ళు, ఆర్టిస్టు అంటే పిల్లమ్మ. దొడ్డబళ్ళాపురం నుంచి బస్సెక్కి వచ్చి, వాళ్ళ పెళ్ళాంగా, వాళ్ళ చెల్లెలిగా, వాళ్ళు చెడగొట్టిన పనిపిల్లగా వేసి, ఆఖరి బస్సుకు తిరిగిపోయేది. ఈ ఏడు డైరెక్టరు ఢిల్లీలో ఏదో శిబిరానికి పోయి వచ్చాడు. అక్కడ ఆడా మగా ఒకరి మీద ఒకరు వాలి, ఒకరి ముఖాలు ఒకరు తడిమి, బిడియం చంపుకుంటారట. వచ్చీ రాగానే, మన నాటకంలో మన ఆడపిల్లే వెయ్యాలి, స్త్రీ విముక్తి నాటకానికి అద్దె ఆడది ఏమిటి సిగ్గు లేకుండా, అన్నాడట. అద్దె ఆడది. ప్రాంప్టరు ఓబళప్ప ఆ మాట మోసుకొచ్చి చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు, ఆమె కూడా నవ్వింది. అట్లా దొరికింది ఎస్తేరు, ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు, చర్చిలో పెద్ద అయిన పౌలు గారి కూతురు. డైరెక్టరు స్వయంగా వాళ్ళింటికి పోయి నా కూతురి మాదిరి చూసుకుంటానని మాటిచ్చి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న కూతురు, మొగుడి వేషం వేసే నంజప్ప దగ్గరికి రాగానే కొయ్యబారిపోతోంది. మూడో అంకంలో కౌగిలి ఉంది. ఇవాళ సాయంత్రానికి ఆ పిల్ల మెత్తబడకపోతే వేషం పోతుంది, వేరేదాన్ని చూసుకుంటారు. మెత్తబరిచే పనికి పిల్లమ్మను పిలిచారు. “మీకు అలవాటే కదండీ, మీరు చెబితే తనకు భయం పోతుంది. ఈ సాయం చెయ్యండి, ఈ ఏడాది మన నాటకాలన్నిట్లో తల్లి వేషం మీదే.” నలభై మూడేళ్ళు వచ్చాక పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. వచ్చింది.

ఎస్తేరు భుజాలు చిన్నవి. జాకెట్టు గుడ్డ కింద ఎముక తెలుస్తోంది, ఆ ఎముక మీద సన్నగా వణుకు, మగ్గం ఆడుతున్నప్పుడు పక్కింటి గోడ మీద చెయ్యి పెడితే తెలిసే అదురు లాంటిది. ఇందాక బయట కొళాయి దగ్గర, నీళ్ళు రాక ఇద్దరూ నిలబడినప్పుడు ఆ పిల్ల అడిగింది.

“అక్కా, వాళ్ళు పట్టుకున్నప్పుడు మీకెట్లా ఉంటుంది?”

“ఎట్లుంటాది? ఏమీ ఉండదు. అలవాటైపోతాదిలే.”

“నాకు వాంతొచ్చేట్టు ఉంటుంది.”

“అయితే మానెయ్యి తల్లీ. టైపు కొట్టుకోని సుమ్మనే ఊరికే ఇంట్లో ఉండు.”

“ఎందుకు మానాలి? ఆఖరి సీన్లో ఫ్యాక్టరీ గేటు ముందర ఆ మాటలన్నీ నేనే చెప్పాలి. రోజూ రాత్రి పడుకున్నాక లోపల్లోపలే చెప్పుకుంటాను. నాన్నకు తెలుసు, నిద్రలో పెదవులు కదులుతున్నాయే అంటాడు. ఆ మాటల కోసం ఆ నంజప్పగారిని పట్టుకోనివ్వాలా అక్కా? రెండూ ఒకటేనా?”

రెండూ ఒకటే, ఈ లోకంలో రెండూ ఒకటే మూట కింద అమ్ముతారు, ఒకటి కావాలంటే రెండోది కొనుక్కోవాల్సిందే, అని చెప్పాల్సింది. చెప్పలేదు. కొళాయిలో గాలి బుస్సుమంది, అలవాటైపోతాదిలే అని మళ్ళీ ఒకసారి అనింది. ఆ మాట ఇప్పుడు నాలుక మీద బంకలా అంటుకుని ఉంది. అలవాటు! ఎవరికైంది? ఒక్కరోజు అయిందా? తెర పడిన తరవాత కూడా నడుము మీంచి తియ్యని చెయ్యికి అలవాటు పడిందా ఆమె? ఏడ్చే సీను ఒకసారి చాలు, డైలాగులు ప్రాంప్టరు అందిస్తాడు, కౌగిలి సీను మాత్రం సరిగ్గా రాలేదు ఇంకొకసారి, లైటు సరిగ్గా పడలేదు ఇంకొకసారి, ఓబళప్ప దగ్గాడు ఇంకొకసారి. కళ కోసం అంత కష్టపడేవాళ్ళలో ఒక్కడూ రెండో అంకంలో మాటలు బట్టీ పట్టి వచ్చేవాడు కాదు. థూ.

“మొదట ఓబళప్పగారు లేవండి,” అన్నాడు డైరెక్టరు కిటికీ దగ్గర్నుంచే. “ఎదురుగా ఎస్తేరు ఉంది. ముఖం ముట్టుకోండి. వేళ్ళతో చూడండి. నేను ఇటు తిరిగే ఉంటాను, నేను చూస్తే మీకు ఇబ్బంది.”

ఓబళప్ప, అరవై దగ్గర పడినవాడు, చేతులు ముందుకు చాపుకుని పొలంగట్టు మీద నడిచినట్టు నడిచి వచ్చాడు. ఎస్తేరు నుదుటికి రెండు వేళ్ళు తగిలించి, కాలినట్టు తీసేసి, “అయింది సార్” అన్నాడు. జంబుఖానా మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రెండు వేళ్ళకే పిల్లమ్మ చేతుల కింద భుజాలు పైకి లేచి, మెడ లోపలికి పోయింది, తాబేలు మాదిరి. అప్పుడే మీదుగా విమానం పోయింది, రేకులన్నీ గడగడలాడాయి, డైరెక్టరు ఏదో అంటున్నాడు, పక్కనుంచి పెదవులు ఆడటం కనబడుతోంది గానీ మాట లేదు, ఆ కాస్సేపూ హాయిగా ఉండింది.

మోత తగ్గేసరికి పిల్లమ్మ ఇక్కడ లేదు. ఇది ఆమెకు చేతనైన విద్య, వాళ్ళమ్మ నేర్పింది. అంజినమ్మ పద్యనాటకాల్లో వేసేది, హిందూపురం నుంచి ఇటు చింతామణి దాకా ఆమె గొంతు తెలియని ఊరు లేదు. కూతురు మొదటిసారి ముఖానికి రంగు వేసుకున్న రోజు చెవిలో చెప్పింది. “వాడు ముట్టినప్పుడు నువ్వు ఆడ ఉండాకు. ఒళ్ళు ఆడ పెట్టేసి నువ్వు ఇంకోతావుకి పో. ఒళ్ళు చూసుకుంటాది దాని పని.” ఎక్కడికి పోవాలో చెప్పలేదు. పిల్లమ్మ తనకు తానే చోటు చూసుకుంది, దొడ్డబళ్ళాపురంలో వాళ్ళ సందు, రెండు వైపులా ఇళ్ళలో మగ్గాలు టకటక టకటక, గడప మీద కూర్చుని దారం కండెలు చుట్టే పాపక్క, ఆ సందులోకి పోయి నిలబడేది. ఇక్కడ ఒకడు ఆమె జడ పక్కకు తీసి మెడ మీద ఊపిరి వదులుతుంటే ఆమె అక్కడ పాపక్కతో ఈ పొద్దు కూరేంది అని అడుగుతుండేది. వదలగానే తిరిగొచ్చేది. ఎంతమంది ఎన్నేళ్ళు! ఆ సందు అరిగిపోయింది ఆమె తొక్కీ తొక్కీ. నిజం సందులో ఇప్పుడు నడుస్తుంటే ఒక్కోసారి వాంతి వస్తుంది, పాపక్క ముఖం చూస్తే ఎవడిదో ఊపిరి మెడకు తగులుతుంది. దాచుకున్న చోటు కూడా పాడైపోయింది. అమ్మ అది చెప్పలేదు. అమ్మకు తెలిసే చెప్పలేదేమో.

రెండోవాడు వచ్చి పోయాడు, మూడోవాడు వచ్చి పోయాడు. ఒకడి చేతికి బీడీ కంపు, ఒకడు ఎస్తేరు చెవిపోగు తడిమి “ఇది కమ్మ” అన్నాడు, అందరూ నవ్వారు. డైరెక్టరు కూడా నవ్వాడు, అదిగో అదే, నవ్వు వస్తే బిడియం పోయినట్టే అన్నాడు. ఎస్తేరు నవ్వలేదు. ఆ పిల్ల కళ్ళు తెరిచే ఉంచుకుంది, వెనకనుంచి రెప్పలు కనబడటం లేదు గానీ పిల్లమ్మకు తెలుసు, మెడ తిరిగి ఉన్న తీరులో తెలుస్తుంది, మూసిన తలుపు గడియ వైపు చూస్తోంది. ఈ మగవాళ్ళను చూడు. చెడ్డవాళ్ళు కారు, అదే అసహ్యం, ఒక్కడూ చెడ్డవాడు కాడు. పెళ్ళాం బిడ్డలు ఉన్నవాళ్ళు, మొన్నటి సమ్మెలో నెలల తరబడి పస్తులుండి జెండా పట్టినవాళ్ళు, గేటు ముందర నిలబడి మనిషిని మనిషి దోచకూడదు అని గొంతు పగిలేట్టు అరిచినవాళ్ళు. ఆ గొంతులే. ఒక ఏడు సంఘం వార్షికోత్సవం నాడు నాటకం అయ్యాక ఆర్టిస్టులకు శాలువాలు కప్పారు. మగవాళ్ళందరికీ భుజం మీద కప్పిన పెద్దమనిషి పిల్లమ్మ దగ్గరికి వచ్చేసరికి శాలువా మడత విప్పకుండా చేతికిచ్చాడు. నలుగురి ముందర ఆడమనిషిని ముట్టుకుంటే మర్యాద కాదట. నలుగురి ముందరే, అదే స్టేజీ మీద, పది నిమిషాల కిందట వాళ్ళ హీరో ఆమెను నలిపి పారేశాడు, దానికి చప్పట్లు. తరవాత భోజనాలు. ఆఫీసర్ల పెళ్ళాలు వరసగా కూర్చున్నారు, ఆమెకు వెనక వరండాలో ఆకు వేశారు. స్టేజీ మీద ముద్దు పెట్టుకున్న ఆ హీరోనే వచ్చి పులుసు వడ్డించాడు, చేతికి చెయ్యి తగలకుండా గరిటె ఎత్తి పోశాడు, ఆకు బయట పడింది సగం. ఆ పులుసు పలచగా నేల మీద పారిపోవడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఎంగిలి ఎవరిది? ఎవరి నోట్లో ఎవరి ఎంగిలి ఉంది ఆ రాత్రి?

“నంజప్పా, ఇప్పుడు నువ్వు. నీదే ముఖ్యం,” అన్నాడు డైరెక్టరు. “తొందరపడకు. రేపు ఈ అమ్మాయి నీ భార్య. ఆ ముఖం నీ వేళ్ళకు తెలియాలి.”

నంజప్ప లేచాడు. జంబుఖానా చివర ఎత్తుగా, వెడల్పుగా, తెల్ల బనీను మీద తెల్ల చొక్కా. ఎనిమిదేళ్ళుగా ఈ సంఘానికి హీరో వాడే, ఎనిమిదేళ్ళుగా పిల్లమ్మకు మొగుడూ ప్రియుడూ వాడే. ఆ చేతులు ఆమెకు వాడి పెళ్ళాం కంటే బాగా తెలుసు. కుడి అరచేతిలో లేతు మిషను కోసిన గీటు, గోళ్ళలో పోని గ్రీజు, ముట్టుకుంటే ముందు బొటనవేలు దిగుతుంది, తరవాత మిగతావి. ఎక్కడ దిగుతుందో కూడా తెలుసు. మాటలు మరిచిపోతాడు గానీ ఆ చోటు మరిచిపోడు. చేతుల కింద ఎస్తేరు భుజాలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. వణుకు లేదు. ఊపిరి లేదు. పిల్లమ్మకు అర్థమైంది, ఆ పిల్ల ఎక్కడికో పోతోంది. ఒళ్ళు ఇక్కడ పెట్టేసి పోతోంది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటోంది, ఇప్పుడే, ఈ క్షణాన, తన చేతుల కింద. ఎక్కడికి పోతోందో, వాళ్ళ నాన్న పక్కన చర్చి బల్ల మీదికో, ఆ మాటలు చెప్పుకునే మంచం మీదికో, రేపటి నుంచి ఆ చోటు కూడా పాడు. ఆ పిల్లను పట్టుకున్నది ఎవరు? తనే. ఇట్లాగే ఒకామె పట్టుకుంది పిల్లమ్మను, మొదటి రిహార్సల్లో, భాగీరథమ్మ అని పెద్ద ఆర్టిస్టు, వెనకనుంచి రెండు భుజాలూ పట్టి, ఏమీ కాదులే ఏమీ కాదులే అని. ఆ చేతుల మీద తెల్లపౌడరు వాసన ఉండింది. ముందున్నవాడి ముఖం గుర్తు లేదు ఈనాటికీ, ఆ వెనక చేతులు గుర్తున్నాయి. సూది మందు వేసేటప్పుడు దూడను పట్టుకున్నట్టు పట్టుకుంది ముసలి ముండ, అని ఎన్నిసార్లు తిట్టుకుంది. ఇప్పుడు నీ చేతులెక్కడున్నాయే పిల్లమ్మా?

ఆలోచన చేసి చెయ్యలేదు. ఎస్తేరును పక్కకు జరిపింది, గోడవైపు, మెల్లగా, బరువైన సామాను జరిపినట్టు, తను ముందుకొచ్చి ఆ పిల్ల నిలబడిన చోటే నిలబడింది. గంతలవాళ్ళు చూడలేరు. డైరెక్టరు రాగిచేలు చూస్తున్నాడు. నంజప్ప రెండడుగులు వేసి ఆగాడు.

పిల్లమ్మ సందులోకి పోవడానికి సిద్ధపడింది. మగ్గాలు మొదలుపెట్టింది, టకటక. బొటనవేలు ఎక్కడ దిగుతుందో అక్కడ ఒళ్ళు ముందే రాయిలా చేసుకుంది. పాపక్కా, ఈ పొద్దు కూరేంది.

చెయ్యి రాలేదు.

“అమ్మా,” అన్నాడు నంజప్ప. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. “ముట్టుకోనా అమ్మా?”

ఎనిమిదేళ్ళు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని రిహార్సళ్ళు, ఎన్ని గ్రీన్‌రూములు. ఒక్కసారి అడిగాడా? అడగొచ్చని కూడా ఆమెకు తోచలేదు, వాడికి అడగడం వచ్చునని అసలే తోచలేదు. మాట పలికితే గొంతు గుర్తుపడతాడు. ఊఁ అనింది ముక్కుతో. అప్పుడు చెయ్యి వచ్చింది. వేళ్ళ కొసలు కాదు, వేళ్ళ వెనకవైపు, గోళ్ళు గీరుకోకుండా, నుదుటి అంచున, వెంట్రుకలు మొదలయ్యే చోట. అక్కడే ఆగింది, వద్దంటే తీసేస్తాను అన్నట్టు ఆగింది. తరవాత కనుబొమ మీదుగా మెల్లగా చెంపదాకా. జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు. ఆ చేతికి సబ్బు వాసన. గ్రీజు లేదు, బీడీ లేదు, తాంబూలం లేదు. ఇందాక కొళాయిలో నీళ్ళు రాలేదే, ఎక్కడికి పోయి కడుక్కున్నాడు? బావి దాకా పోయి ఉంటాడు, చేదుకుని, గోళ్ళలోది తీసి తీసి కడుక్కుని ఉంటాడు, పౌలు గారి కూతురిని ముట్టుకోవాలి గదా అని. మగ్గాలు ఆగిపోయాయి. సందు లేదు. పాపక్క లేదు. ఎక్కడికీ పోవడానికి లేదు, ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఎవడో ముట్టుకుంటుంటే ఆమె ఆ చోటే ఉండిపోయింది, తన చర్మం లోపలే, అణా పైసలతో సహా అన్నీ తెలుస్తున్నాయి. చెంప మీద వెచ్చదనం. వేలి కణుపు గరుకు. దవడ దగ్గర వాడి చెయ్యి మళ్ళీ ఆగడం.

రోత లేచింది. ఇంతవరకూ వచ్చిన అసహ్యాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మొరటువాళ్ళు, తెలియదు పాపం, మిషన్ల దగ్గర పని చేసే చేతులు, మెత్తగా ముట్టుకోవడం ఎవరు నేర్పారు వీళ్ళకు అని ఆమె తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ, ఆ మాట మీదే బతికింది, ఆ మాట మీదే బస్సెక్కి ఇంటికి పోయి అన్నం తిని పడుకుంది. తెలుసు! వీళ్ళకు తెలుసు. అడగడం తెలుసు, ఆగడం తెలుసు, చెయ్యి కడుక్కోవడం తెలుసు. అన్నీ వచ్చు. ఎవరికి చెయ్యాలో ఎవరికి చెయ్యక్కర్లేదో అది ఇంకా బాగా వచ్చు. ఢిల్లీ నుంచి మోసుకొచ్చి నేర్పుతున్నాడు డైరెక్టరు, వీళ్ళకు ముందే వచ్చినదాన్ని. నోట్లో నీళ్ళు ఊరాయి, పుల్లగా. మింగితే వాంతి, ఉమ్మితే వాడి చొక్కా.

“ఏమనిపిస్తోంది నంజప్పా? మాటల్లో చెప్పు,” అన్నాడు డైరెక్టరు, తిరగకుండానే.

“దేవుని పటం ముట్టినట్టుండాది సార్,” అన్నాడు నంజప్ప, నిజంగానే అన్నాడు. “చాలునా అమ్మా? బేజారైందంటే చెప్పు, తీసేస్తా.”

పిల్లమ్మకు నవ్వొచ్చింది. నవ్వు కాదు, లోపలి పుల్లటి నీళ్ళే ముక్కులోంచి చీదినట్టు వచ్చాయి. ఆ చప్పుడు నంజప్పకు తెలుసు. గంత ఒక్క చేత్తో పైకి లాగాడు.

“అయ్యయ్యో, నువ్వా!” అని పెద్దగా నవ్వాడు. “ఏం పిల్లమ్మా, ఆటలాడ్తాండావే నాతో! నేనేమో ఎస్తేరమ్మ అని ఊపిరి బిగబట్టుకోని...” చెంప మీది చెయ్యి ఆ మాట పూర్తి కాకముందే జారింది. జారి, దారి ఎవరూ చూపక్కర్లేకుండా, నడుము మడత దగ్గరికి వచ్చి, ముందు బొటనవేలు, తరవాత మిగతావి, నవ్వుతూనే ఒక నొక్కు నొక్కింది. కావాలని కూడా కాదు. ఇంటికొచ్చినవాడు చెప్పులు విడిచినట్టు. గంతలన్నీ లేచాయి, షెడ్డంతా ఒకటే నవ్వు, బతికిపోయాం అన్న నవ్వు, భయభక్తులతో కూర్చున్న కచేరీలోంచి లేచి ఒళ్ళు విరుచుకున్న నవ్వు.

పిల్లమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. తోసెయ్యడానికి కాదు. నడుము మీదే అదిమిపట్టింది, కదలనివ్వకుండా.

“ఉండనీ. తియ్యాకు. అందరూ చూడండప్పా. సార్, మీరూ ఇట్ల తిరగండి సార్, చూస్తే మాకేమీ ఇబ్బంది లేదు.”

“ఏయ్, వదులు,” అన్నాడు నంజప్ప, నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

“ఏంటికి? బేజారైందా? ఇదే చెయ్యి గదప్పా. ఇప్పుడే గదా దేవుని పటం ముట్టుకునింది. అది పటమైతే ఇది ఏంది? చెప్పు, నాకూ తెలీనీ. కన్ను మూసుకుంటే నేను దేవుణ్ణి, తెరిస్తే నేను ఏంది?”

డైరెక్టరు కిటికీ వదిలి రెండడుగులు వచ్చాడు. ఎండలోంచి చీకట్లోకి వచ్చినవాడి కళ్ళు.

“పిల్లమ్మగారూ, మిమ్మల్ని సాయానికి పిలిచాం. ఇది క్రమశిక్షణతో చేసే అభ్యాసం, గలాటా చెయ్యడానికి కాదు. మీకిష్టం లేకపోతే...”

“సాయమే చేస్తాండా సార్. ఈ పిల్లకి భయం లేదు. దానికి రోత. భయమైతే నేను పోగొడ్తును, రోత పోగొట్టేది నాకు రాదు, అది నాకే పోలేదు. మెత్తబడాల్సింది ఇది కాదు.”

“తల్లి వేషం సంగతి అనుకున్నాం మనం. అది మరి...”

“మరిచిపోండి సార్. నేనూ మరిచినా.”

అని అనేశాక ఒళ్ళు తేలికేమీ కాలేదు. ఏమీ కాలేదు. ఇంక ఎక్కడి నుంచీ పిలుపు రాదు, అది తెలుసు, సందులో పాపక్క పక్కన కూర్చుని కండెలు చుట్టుకోవాలి, అదీ తెలుసు. మణికట్టు వదిలేసింది. నంజప్ప చెయ్యి దించుకుని చొక్కాకు తుడుచుకున్నాడు, దేన్ని తుడుస్తున్నాడో తెలియకుండా.

“కట్టుకోండి మళ్ళీ,” అనింది. “కళ్ళు కట్టుకోండి. మీ పాఠమే. మొదట్నుంచి.”

అప్పుడు పక్కన ఏదో కదిలింది. ఎస్తేరు గోడ వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడింది. పిల్లమ్మ చెయ్యి పట్టుకోలేదు, ఆనుకోలేదు, మధ్యలో జానెడు ఎడం ఉంచుకుని నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నాయి. “ఇద్దరం నిలబడతాం,” అంది ఆ పిల్ల, ఆఖరి సీనులో మాటలు చెప్పే గొంతుతో కాదు, మామూలు గొంతుతో. “ఎవరెక్కడున్నామో చెప్పం. అడగండి. మేం సరే అంటే ముట్టుకోండి. వద్దంటే వద్దు. ఇట్లా అయితేనే నేను వేషం వేస్తాను సార్. లేకపోతే మీరు వేరే ఎవరినన్నా తెచ్చుకోండి, వాళ్ళకూ ఇదే చెబుతాను.”

డైరెక్టరు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఓబళప్పే ముందు తువ్వాలు ఎత్తుకున్నాడు, తల వంచుకుని, కట్టుకున్నాడు. ఒకడి తరవాత ఒకడు కట్టుకున్నారు, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా ఉండటానికి అదే మేలన్నట్టు. ఆఖరున నంజప్ప. ముఖం కందిపోయి ఉంది, ఆమెను చూడకుండా కట్టుకున్నాడు, రెండు ముళ్ళు వేశాడు. ఆడవాళ్ళిద్దరూ చెప్పులు విప్పేసి చోటు మార్చుకున్నారు, మళ్ళీ మార్చుకున్నారు, అడుగుల చప్పుడు లేకుండా.

నంజప్ప చెయ్యి ముందుకు వచ్చింది. గాలిలో ఆగింది. ఎదురుగా పిల్లమ్మే ఉంది, జానెడు దూరంలో ఆ అరచేయి, లేతు మిషను కోసిన గీటు, గోళ్ళు తెల్లగా. ఆ చెయ్యికి ఏం చెయ్యాలో తెలియడం లేదు. నుదుటి ఎత్తుకు లేచింది, నడుము ఎత్తుకు దిగింది, మళ్ళీ లేచింది. ఇరవై ఏడేళ్ళకు చూడ్డానికి దొరికింది ఈ మాత్రం. చూస్తే సంతోషం కలగలేదు. సంతలో కాలు కట్టేసిన కోడి రెక్క కొట్టుకున్నట్టుంది, అంతే.

“ముట్టుకోనా?” అన్నాడు చివరికి. అమ్మా అనలేదు. ఎవరో తెలియదు గదా.

“వద్దు,” అనింది పిల్లమ్మ.

గొంతు ఎవరిదో అతనికి తెలిసిపోయింది. షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. ఆ చెయ్యి అక్కడే కొంచెంసేపు ఉండింది, ఎన్నడూ వినని మాట విన్నట్టు, ఆ మాట అనడానికి ఈమెకు హక్కుందా అని వెతుక్కుంటున్నట్టు. పిల్లమ్మ వెనక్కి జరగలేదు, ఏ సందులోకీ పోలేదు, పుల్లటి నీళ్ళు గుటక వేసి ఆ చేతినే చూస్తూ నిలబడింది, అది దిగేదాకా.